చిన్నోడి చేలో పోలిగాడు

ఊడ్పులు అయ్యాక మా నాన్నగారు చేసే మొదటి పని చేలో కర్రలు పాతడం. వెదురు బద్దకి పైన అడ్డంగా ఇంకో బద్ద కట్టి, ఎకరానికి పది చొప్పున పాతుతారు. గట్టు మీంచి చూస్తే వరసగా ఇంగ్లీషు టీ అక్షరాల్లా ఉంటాయి. వ్యవసాయశాఖ కాగితాల్లో వాటి పేరు పక్షి స్థావరాలు. నాన్నగారు మాత్రం పోలిగాడి కుర్చీలు అంటారు. మా ఎకరంన్నరలో పదిహేను కుర్చీలున్నాయి. నేను చెప్పబోయేది పదహారో కుర్చీ సంగతి. అది మా చేలో లేదు, మా చిన్నోడి లాప్‌టాప్‌లో ఉంది.

పోలిగాడంటే పసుల పోలిగాడు. పుస్తకాల్లో ఏట్రింత అని రాస్తారు గానీ మా వైపు ఆ పేరు చెప్తే ఎవరికీ తెలీదు. జానెడు కంటే కాస్త పొడుగు, ఒళ్లంతా నలుపు, తోక చందువా చేప తోకలా రెండుగా చీలి ఉంటుంది. గేదె వీపు మీద దర్జాగా ఊరేగుతూ, దాని కాళ్ల కింద గడ్డిలోంచి లేచిన పురుగుని గాల్లోనే పట్టేసి మళ్లీ వచ్చి వీపెక్కుతుంది. ఆ పేరు అందుకే వచ్చిందనుకుంటాను. ట్రాక్టరు దమ్ము చేస్తున్నా వెనకాలే ఉంటుంది. మాది కోనసీమలో అంబాజీపేట దగ్గర పల్లెటూరు. పొద్దున్నే కరెంటు తీగ మీద ఇది కనపడని రోజు నాకు గుర్తులేదు.

ఇక ఆట. చిన్నోడికి పదేళ్లు, వాడు ఆడేది లువాంటి. మైన్‌క్రాఫ్ట్ లాంటిదే, లోకమంతా డబ్బాలు డబ్బాలుగా ఉంటుంది (బ్లాకులంటారు వాటిని), తవ్వుకోవచ్చు, కట్టుకోవచ్చు, పండించుకోవచ్చు. ఫిన్లండ్‌లో ఒకాయన 2010లో మొదలుపెట్టారు. 2024 అక్టోబరు దాకా మైన్‌టెస్ట్ అనేవారు. డబ్బు కట్టక్కర్లేదు, మా సెకండ్‌హ్యాండ్ లాప్‌టాప్ మీద నడుస్తుంది, నెట్ లేకపోయినా ఆడుకోవచ్చు. మా ఇంట్లోకి ఈ మూడు కారణాల మీదే వచ్చింది. నాకు నచ్చింది మాత్రం వేరే. ఆ ఆటలో లేనిదేదైనా కావాలంటే మనమే రాసి చేర్చుకోవచ్చు. దాన్ని మోడ్ అంటారు.

సంక్రాంతికి మా అక్క కొడుకు వచ్చి వాడి ఫోన్లో మైన్‌క్రాఫ్ట్ చూపించాడు. అందులో చిలకలున్నాయి. 2017లో చేర్చారట. గింజలు పెడితే మచ్చికవుతాయి, భుజమెక్కి కూర్చుంటాయి. చాక్లెట్ బిస్కెట్ పెడితే మటుకు చచ్చిపోతాయి. చాక్లెట్ నిజం పక్షులకి విషం కాబట్టి అలా పెట్టారు. చిన్నోడికి ఇవేవీ పట్టలేదు. భుజం మీద పిట్ట, అంతే.

"అమ్మా, నా ఆటలో కూడా పెట్టవా?"

నేను చేసేది కొబ్బరి వ్యాపారం కొట్లో లెక్కలు రాయడం. కాయలెన్ని, కురిడీ ఎంత, లారీ కిరాయి ఎంత, ఎవరి ఖాతాలో ఎంత. ఎక్సెల్లో ఫార్ములాలు రాస్తాను కాబట్టి మా ఇంట్లో కంప్యూటరు పండితురాలిని నేనే. సరేనని మధ్యాహ్నం కారియర్ తిన్నాక ఫోన్లో లూవా భాష నేర్చుకోవడం మొదలుపెట్టాను. 1993లో బ్రెజిల్‌లో పుట్టిన భాష అది, లూవా అంటే వాళ్ల పోర్చుగీసులో చందమామ. చెప్పుకోవాలంటే ఎక్సెల్ కంటే మర్యాదస్తురాలు. తప్పు చేస్తే ఏ లైన్లో చేశామో చెప్తుంది.

మొదటి పిట్ట ఇరవై రోజుల్లో తయారైంది. చిన్నోడి వెంట ఎగిరేది, ఆగితే భుజమెక్కేది. వాడు రెండ్రోజులు గంతులేశాడు. మూడో రోజుకి అదొకటుందనే మర్చిపోయాడు. వాడి తప్పు కాదు. ఎప్పుడూ భుజం మీదే ఉండే పిట్ట ఇక టోపీతో సమానం.

నాన్నగారు కాఫీ తాగుతూ ఒకసారి తెర వంక చూశారు. "ఇదేం పిట్టే?"

"పోలిగాడు, నాన్నగారూ."

"పోలిగాడు మడిసి భుజం ఎక్కడం నువ్వెక్కడ చూశావే?"

చూడలేదు. ఎవరూ చూసి ఉండరు. మా చేలో కర్ర మీద వాలుతుందే గానీ కర్ర పాతినాయన్ని కన్నెత్తి చూడదు. ఆయన కోసం రాదు అది, పురుగు కోసం వస్తుంది. అయినా ఆయన పని చేసిపెట్టి పోతుంది. అంతవరకు నేను రాసింది పెంపుడు చిలక, దానికి నల్లరంగు వేశానంతే. మొత్తం చెరిపేశాను. మచ్చికవడం తీసేశాను, వెంట రావడం తీసేశాను, భుజం తీసేశాను. చిన్నోడు రెండు పూటలు నాతో మాట్లాడలేదు.

ఇప్పుడు అసలు చిక్కొచ్చింది. పురుగు కోసం వచ్చే పిట్టని పెట్టాలంటే ముందు పురుగుండాలి కదా. ఆ ఆటలో పంటలకి చీడపీడలు లేవు. విత్తితే ఎనిమిది దశల్లో పెరుగుతుంది, కోసుకోవడమే. నీళ్లు మూడు బ్లాకుల లోపుంటే నేల తడుస్తుంది, అదీ వెలుతురూ ఉంటే చాలు. అందుకని మావాడు ఏటికి అడ్డంగా రాతికట్ట కట్టి కాలవ తవ్వుకుని, కట్ట మీద ధవళేశ్వరం అని బోర్డు కూడా పెట్టాడు. కాటన్ దొర 1852కి పూర్తిచేసిన పని మావాడికి ఒక ఆదివారం. పండేది గోధుమ. కోనసీమలో గోధుమేంటని బొమ్మల రంగు మార్చి వరి చేశాను. చివరి దశలో కంకి వంగినట్టు గీశాను. అంత హాయిగా నడుస్తున్న వ్యవసాయంలోకి, ఒక పిట్టకి పని కల్పించడం కోసం, కాండం తొలిచే పురుగుని నేనే తీసుకొచ్చి వదలాలి.

వదిలాను. లెక్కలో చెయ్యి తిరిగినదాన్నే గానీ అంకె తప్పు వేశాను. 40 మొక్కల్లో ఒకదానికి పట్టాల్సింది 4కి ఒకటని రాశాను. సాయంత్రం కొట్టు నించి వచ్చేసరికి చేనంతా తెల్లకంకే. తెల్లకంకి చూడనివాళ్ల కోసం చెప్తాను. పురుగు కాండం లోపల కొరికేస్తే కంకికి పాలందవు, గింజ కట్టదు. పచ్చటి చేలో అక్కడక్కడా సున్నం వేసినట్టు కనిపిస్తుంది. గింజున్న కంకి బరువుకి తల వంచితే ఇది నిటారుగా నిలబడుతుంది. లాగితే చేతిలోకి ఊడొచ్చేస్తుంది. ఆటలో కూడా అలాగే పెట్టాను, కొడవలి వేస్తే గింజ రాలదు, గడ్డే వస్తుంది. చిన్నోడు ఒక్కో మొక్కా కోసి చూసుకుంటూ "గడ్డే... గడ్డే... ఇదీ గడ్డే" అని, ఏడుపు ఆపుకుంటున్నాడు. అంకె సరిచేశాననుకోండి. కానీ ఆ రోజు వాడి మొహం చూస్తే దాళ్వాలో పంట పోయిన రైతు మొహమే.

ఇప్పుడు పిట్ట. కర్ర పాతితే వస్తుంది, కర్ర చుట్టూ అయిదు బ్లాకుల్లో పురుగు పట్టిన మొక్కని వెతుకుతుంది, వాలి తినేస్తుంది, మొక్క బాగవుతుంది. ఇలా రాసి నాన్నగారికి చూపించాను. మెచ్చుకుంటారనుకున్నాను.

"పురుగు కాండం లోపలుంటే పిట్టకెలా కనపడద్దే?"

నా దగ్గర జవాబు లేదు.

"అది తినేది రెక్కల పురుగుని. పసుప్పచ్చగా ఉంటాది, రెక్క మీద నల్ల చుక్క. అది ఆకు కొస మీద గుడ్లు పెట్టకముందే పట్టెయ్యాల. లోపల దూరాక పోలిగాడేం చేస్తాడు, పోలిగాడి బాబు మటుకు ఏం చేస్తాడు? అందుకేగా ఊడ్చిన వారానికే కర్రలెడతా."

ముప్పై ఎనిమిదేళ్లుగా ఆ చేల మధ్యే ఉన్నాను, ఆ కర్రలు అంత తొందరగా ఎందుకు పాతుతారో అప్పటిదాకా ఆలోచించలేదు. మళ్లీ చెరిపాను. ఇప్పుడు ముందు పసుపు చిమ్మట వస్తుంది, మొక్క మీద వాలుతుంది, ఆటలో అరరోజు గడిస్తే గుడ్డు పురుగై లోపలికి పోతుంది. ఈలోపు పిట్ట చిమ్మటని పట్టిందా మొక్క బతికినట్టు. లేదా, ఇక పిట్ట ఆ మొక్క వంక చూడదు. తెల్లకంకి చూశాక పరిగెత్తుకెళ్లి కర్ర పాతితే ఏమీ జరగదు. చిన్నోడు ఇది అన్యాయం అన్నాడు. "తాతయ్యనడుగు" అన్నాను.

బొమ్మ గీయడం కూడా అనుకున్నంత సుఖంగా లేదు. అచ్చం నలుపు వేస్తే తెర మీద చిల్లు పడ్డట్టుంది. కిటికీలోంచి తీగ మీద దాన్ని చూస్తూ కూర్చుంటే ఎండ పడ్డ చోట నీలం తళుక్కుమంది. వీపు మీద అయిదారు చుక్కలు ముదురు నీలం పెట్టాను. మూతి మూల చిన్న తెల్ల మచ్చ ఉంటుంది, దగ్గరికెళ్తే గానీ కనపడదు, దానికొక చుక్క. 16కి 16 చుక్కల బొమ్మలో తోక చీలికకి నాకు మిగిలినవి రెండే.

కూతకైతే తెల్లవారుజామున నాలుగున్నరకి లేచి ఫోన్ పట్టుకుని దొడ్లో నిలబడ్డాను. అందరికంటే ముందు కూసేది ఇదే, కోడి కంటే ముందు. మూడు రోజులు తీస్తే ఒకదాంట్లో నాన్నగారి దగ్గు, ఇంకోదాంట్లో పక్కవాళ్ల మోటారు, మూడోది బాగా వచ్చింది. ఆటలో పెడితే, పిట్ట ఎక్కడున్నా కూత చెవిలోనే మోగుతోంది. కొండ అవతలున్నా అంతే. వారం రోజులు లెక్కల్లో తప్పు వెతికాను. తప్పు లెక్కలో లేదు, సౌండు ఫైల్లో ఉంది. రెండు చెవులకీ వేరువేరుగా పలికే స్టీరియో ఫైలుకి దూరం దగ్గర తెలియదు, మోనో చేస్తేనే అటునించి వస్తోందని తెలుస్తుంది. మోనో చేశాక ఒకసారి చిన్నోడు హెడ్‌ఫోన్స్ పెట్టుకుని ఆడుతూ ఆడుతూ తల ఎడమ పక్కకి తిప్పాడు. అక్కడ గోడ ఉంది.

ఇంకో గొడవ జరిగింది. చిన్నోడు గనిలోకి వెళ్లి తిరిగొచ్చినప్పుడల్లా కర్ర మీద పిట్టలు పెరుగుతున్నాయి. ఆ ఆటలో మనకి దూరంగా ఉన్న లోకం నిద్రపోతుంది, దగ్గరికెళ్తే లేస్తుంది. లేచినప్పుడల్లా నా కర్ర ఒక కొత్త పిట్టని పుట్టిస్తోంది, పాత పిట్ట కూడా దాచిపెట్టిన చోటు నించి లేచి వస్తోంది. ఒకరోజు నలభైకి పైగా ఒకే బద్ద మీద ఒకదాంట్లో ఒకటి దూరి కూర్చున్నాయి. లాప్‌టాప్ ఫ్యాను రైసుమిల్లులా మోత. దానికి తోడు ఒక్కో పిట్టా సెకనుకి పదకొండుసార్లు చేనంతా వెతికేలా రాశాను, సెకనుకి ఒకసారి చాలన్న జ్ఞానం అప్పుడు లేదు. మందు తేలికే, పిట్టని దాచిపెట్టవద్దని ఒక్క మాట రాస్తే సరిపోయింది. దాంతో మనం దూరమెళ్తే అది పోతుంది, తిరిగొస్తే ఇంకోటి వస్తుంది.

"అంటే నిన్నటిది కాదా ఇది?" అన్నాడు చిన్నోడు. వాడు దానికి అప్పటికే బ్లాకీ అని పేరు పెట్టేశాడు.

"మన తీగ మీద ఇవాళ కూర్చున్నది నిన్నటిదేనా?"

వాడు బయటికెళ్లి చూసొచ్చాడు. "తెలీట్లేదు" అన్నాడు. పేరు తీసెయ్యలేదు మరి, వచ్చిన ప్రతిదాన్నీ బ్లాకీ అనే పిలుస్తున్నాడు.

చిన్నోడి ఆటలో వేరే మోడ్ వల్ల రాత్రిళ్లు భూతాలొస్తాయి. అప్పుడు పిట్ట ఏం చెయ్యాలో నేనేమీ కల్పించక్కర్లేకపోయింది. మా దొడ్లో కొబ్బరిచెట్ల పక్కన నిద్రగన్నేరు చెట్టు మీద ఏటా గూడు పెడుతుంది పోలిగాడు. కాకి ఆ వైపు వచ్చిందా, ముక్కుతో వెంటపడి వీధి చివరిదాకా తరుముతుంది. గద్దనైనా లెక్కచెయ్యదు, పైనుంచి రివ్వున దిగి వీపు మీద పొడుస్తుంది. అదే చెట్టు మీద గువ్వలు కూడా గూళ్లు పెట్టుకుంటాయి, ఈ రౌడీ నీడన. హిందీ వాళ్లు దీన్ని కొత్వాల్ అంటారు, పోలీసన్నమాట. కాబట్టి ఆటలో కర్రకి పన్నెండు బ్లాకుల లోపు భూతం వస్తే పిట్ట ముందు కూస్తుంది, తర్వాత పొడుస్తుంది. భూతం చావదు, విసుక్కుని పక్కకి తిరుగుతుంది. అంతే చాలు.

ఇక్కడితో ఆపాల్సింది. కానీ ఆఫ్రికాలో దీని అన్నదమ్ముల గురించి చదివాను. కలహారి ఎడారిలో మీర్‌క్యాట్లని ముంగిస లాంటి జంతువులుంటాయి. ఆ పోలిగాళ్లు వాటికి కాపలా కాస్తూ, గద్దొస్తే అరుస్తూ మంచిపేరు తెచ్చుకుంటాయి. మధ్యమధ్యలో గద్ద లేకుండానే అరుస్తాయి. అవి తిండి వదిలేసి పరిగెడితే ఇవి దిగి తినేస్తాయి. ఇతర జంతువుల అరుపులు కూడా అనుకరిస్తాయి. మన పోలిగాడు కూడా జాలెడేగ కూత అనుకరిస్తుంది. ఇంత చదివాక చెయ్యి ఊరుకుంటుందా. ఇరవై కూతల్లో ఒకటి అబద్ధం చేశాను. పిట్ట ప్రమాదం కూత కూస్తుంది, వాడు కత్తి తీసుకుని పరిగెడతాడు, ఆ సందులో కింద పడున్న రొట్టో విత్తనమో ఒకటి పట్టుకుపోతుంది.

చిన్నోడు మూడుసార్లు మోసపోయి, నాలుగోసారి నా దగ్గరికొచ్చాడు. "నీ పిట్ట దొంగది. తీసెయ్."

"పురుగులు తింటోందా?"

"తింటోంది."

"మరి?"

కోపంగా వెళ్లిపోయాడు. తీసేద్దామనే అనుకున్నాను నిజానికి, పిల్లాణ్ణి ఏడిపించి నేను బావుకునేదేముంది. ఈలోపు రెండ్రోజులు కొట్లో లెక్కలు ముగించే పని పడింది. మూడో రోజు రాత్రి వాడు ఆడుతుంటే వెనకాల నిలబడ్డాను. కూత వినపడింది. వాడు కదల్లేదు. పిట్ట వైపు తిరిగి ఒక్క క్షణం చూసి, "ఉత్తిదే" అని మళ్లీ మట్టి తవ్వుకుంటున్నాడు.

"ఎలా తెలిసింది?"

"నిజంగా భూతమొస్తే అది భూతం వైపు ఎగురుద్ది. ఇప్పుడు రొట్టె వైపు చూసింది."

అది నేను పనిగట్టుకుని రాసింది కాదు. నిజం కూతలో పిట్ట గురి భూతం, అబద్ధంలో గురి కింద పడ్డ వస్తువు, కాబట్టి మొహం అటు తిరుగుతుంది. నాకే తోచని సంగతి వాడు కనిపెట్టేశాడు. తీసెయ్యలేదు.

చెయ్యాల్సింది ఇంకా ఉంది. గింజ పాలు పోసుకున్నాక కర్రలు పీకెయ్యాలి, లేకపోతే వాటి మీదకి చిలకలూ జీనువాయిలూ చేరి కంకులు ఒలిచేస్తాయని నాన్నగారు గుర్తు చేశారు. చిలకలు ఇంకా గీయలేదు. దసరా సెలవుల్లో చూడాలి.

పోయిన ఆదివారం భోజనాలయ్యాక నాన్నగారు మంచం మీద కూర్చుని "ఏదీ, నీ చేను చూపించరా" అన్నారు. చిన్నోడు మౌసు ఆయన చేతికిచ్చాడు. పది కర్రలు పాతడానికి అరగంట పట్టింది, రెండు కాలవలో పడ్డాయి. పాతేసరికి ఆటలో చీకటి పడింది. పిట్టలొచ్చేది తెల్లవారుజామున కదా.

"మంచమెక్కి పడుకుంటే ఒక్క సెకనులో తెల్లారిపోద్ది తాతయ్యా, పడుకోబెట్టనా?"

"వద్దులే, ఉండు."

ఆ ఆటలో రోజంటే 20 నిమిషాలు, అందులో రాత్రి సుమారు సగం. అంతసేపూ కళ్లజోడు సర్దుకుంటూ నల్లటి తెర వంక చూస్తూ కూర్చున్నారు. మధ్యలో ఒకసారి భూతం గట్టు మీద నడిచి వెళ్తే "ఎవడాడు?" అన్నారు. తూర్పున ఎరుపొచ్చింది. మొదటి కర్ర మీద ఒకటి వాలింది, కాసేపటికి నాలుగో దాని మీద ఇంకోటి. మోనో కూత కుడి పక్కనించి వినపడింది. నాన్నగారు తెరకి దగ్గరగా వంగారు.

"తోక కుదర్లేదే అమ్మడూ," అన్నారు. "చీలిక ఇంకా లోపలికుండాల."